స్ఫటికశాస్త్ర నిఘంటువు

నిఘంటువనగానే మనకు స్ఫురించునది పదములకు అర్థములు దెలుపు గ్రంథము. మన పెద్దలు బాల్యముననే అమరకోశమును వల్లె వేసిరి. ఒకే వస్తువునకు ఎన్ని పేరులు గలవో, ఒకే పేరునకు ఎన్ని అర్థములు గలవో అందు వర్గములుగా కూర్పబడియున్నవి. బ్రౌను దొరగారు 1852 వ సంవత్సరమున ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు నేటికిని చదువరులకు ఉపకరించుచున్నది. సూర్యునకు పదులకొలది పేరులుండుట కవికి సంపద. కాని శాస్త్రజ్ఞునకు అదియే చిక్కు. ఒక పేరు ఒక్క వస్తువునే చెప్పవలెను, ఒక వస్తువునకు ఒక్క పేరే యుండవలెను. లేనిచో ఒకరు కొలిచి వ్రాసినదానిని మఱియొకరు మఱియొక విధముగా చదువుదురు, పడిన శ్రమ వ్యర్థమగును. ఈ చిక్కును విప్పుటకై స్ఫటికశాస్త్రజ్ఞులు ఒక అపూర్వమైన నిఘంటువును నిర్మించుకొనిరి. అది మనుష్యులకును యంత్రములకును కూడ అర్థమగునట్టిది. దాని పుట్టుకను, కూర్పును, ప్రయోజనమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట స్ఫటికమన నేమో చూతము. మన వంటయింటి ఉప్పుకల్లు, పటికబెల్లపు ముక్క, నీటిని తేర్చు పటిక, రైతులు చీడపీడలకు వాడు మైలుతుత్తము, ఇవన్నియు స్ఫటికములే. వీని పైపలకలు నునుపుగాను, అంచులు తీర్చి దిద్దినట్లును ఉండును. లోపలి పరమాణువులు సేనలో భటులవలె వరుసలు తీరి నిలిచియుండుటయే ఇందులకు కారణమని పూర్వులు ఊహించిరి గాని, కన్నులార చూచినవారు లేకుండిరి. 1912 వ సంవత్సరమున జర్మనీ దేశములోని మ్యూనికు నగరమున మాక్స్ ఫాన్ లౌవే అను పండితుని యోచన ననుసరించి ఫ్రీడ్రిచ్, నిప్పింగ్ అనువారలు మైలుతుత్తపు స్ఫటికముగుండ ఎక్స్ కిరణములను పంపిరి. ఫొటోగ్రాఫు పలకమీద చుక్కలు చుక్కలుగా ఒక చిత్రము పడెను. లోపల క్రమముగా నిలిచిన పరమాణువులే కిరణములను ఆయా దిక్కులకు చెదరగొట్టినవని దానిచే తేలెను. మఱుసటి యేడు బ్రాగు అను తండ్రియు ఆయన కుమారుడును ఉప్పు నిర్మాణమును నిశ్చయించిరి. ఉప్పులో ఒక్కొక్క సోడియమునకు చుట్టును ఆఱు క్లోరినులును, ఒక్కొక్క క్లోరినునకు చుట్టును ఆఱు సోడియములును ఉన్నవని లోకమునకు తెలిసెను. 1915 లో నోబెల్ బహుమానమును పొందునాటికి కుమారుని వయస్సు ఇరువదియైదేండ్లే.

ఒక స్ఫటికమును వర్ణింపవలెనన్న ఏమేమి చెప్పవలెను? ఇల్లు ఇటుకలతో కట్టబడినట్లు, స్ఫటికము ఒకే ఆకారముగల అతి సూక్ష్మమైన గదులతో కట్టబడియున్నది. ఆ గదికి మూలకోష్ఠమని పేరు పెట్టుదము. దాని మూడు అంచుల పొడవులు, ఆ అంచుల నడిమి మూడు కోణములు, దానిలోని సౌష్ఠవము, అందలి ఒక్కొక్క పరమాణువు నిలిచియున్న స్థానము, ఇవి తెలిసినచో స్ఫటికమంతయు తెలిసినట్లే. ఉప్పునకు ఈ లెక్క స్వల్పము. కోణములన్నియు 90 డిగ్రీలు, అంచులన్నియు సమానము, పొడవు సుమారు 5.64 ఆంగ్‌స్ట్రాములు. ఆంగ్‌స్ట్రామనగా సెంటిమీటరులో పదికోట్లవ వంతు. కాని ఔషధములు, జీవపదార్థములు ఇంత సులభముగా లొంగవు. డోరతీ హాడ్జికిన్ అను ఆంగ్లేయ విదుషీమణి 1945 నాటికి పెనిసిలిన్ యొక్కయు, తరువాత బి 12 విటమిను యొక్కయు, 1969 లో ఇన్సులిన్ యొక్కయు నిర్మాణములను సాధించెను. 1964 లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. బి 12 విటమిను అణువులో కర్బన పరమాణువులే 63. ఒక్కొక్క పరమాణువు స్థానమును చెప్పుటకు మూడేసి సంఖ్యలు వలయును. మాంసకృత్తులలోనన్ననో పరమాణువులు వేలకొలదిగా నుండును. ఈ విధముగా స్ఫటికశాస్త్రమనగా సంఖ్యల సముద్రమని గ్రహింపవలెను.

సంఖ్య యొంటరిగా మాటలాడదు. మన పల్లెలలో పూర్వము ధాన్యమును సోల, తవ్వ, మానిక, కుంచములతో కొలిచెడివారు. ఒక ఊరి మానిక మఱియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. పది కుంచములిత్తునని మాటయిచ్చినవాడు ఏ ఊరి కుంచముతో నని చెప్పనియెడల తగవు తప్పదు. మన దేశమున 1956 లో తూనికలు కొలతల చట్టము వచ్చినపిమ్మట మీటరు, కిలోగ్రాము పద్ధతి క్రమముగా అంతటను నెలకొనెను. శాస్త్రలోకములో ఇట్టి తగవులు లేవని తలపరాదు. ఇందుకు స్ఫటికశాస్త్రమునుండియే రెండు నిదర్శనములు చూపుదుము.

మొదటిది పొడవు కొలతను గూర్చినది. ఎక్స్ కిరణముల తరంగదైర్ఘ్యమును కొలుచుటకు అంతటి సన్నని కొలబద్ద కావలెను. స్ఫటికములోని పరమాణువుల పొరలమధ్య దూరమే ఆ కొలబద్ద అయ్యెను. ఆ దూరమును ఎట్లు తెలిసికొనిరి? స్ఫటికము యొక్క సాంద్రత తెలియును. ఒక గ్రాములో ఎన్ని అణువులున్నవో తెలిసినచో దూరము లెక్కచే వచ్చును. ఆ అణువుల సంఖ్యను ఎలక్ట్రాను యొక్క విద్యుదావేశమునుండి గ్రహించిరి. మిల్లికన్ పండితుడు నూనెబిందువులతో ఆ ఆవేశమును కొలిచిన సంగతి పై తరగతులవారు చదివియేయుందురు. అయితే గాలియొక్క స్నిగ్ధతకు ఆయన గైకొన్న విలువ సరియైనది కాకపోవుటచే ఆవేశము నూటికి సుమారు 0.6 వంతు తక్కువగా వచ్చెను. అందుచే అణువుల సంఖ్య ఎక్కువయ్యెను, పొరల దూరము నూటికి 0.2 వంతు తక్కువయ్యెను. స్వీడను దేశీయుడైన సీగ్బాన్ ఈ కొలబద్దతోనే తరంగదైర్ఘ్యములను మిక్కిలి నిశితముగా కొలిచి, తన కొలమానమునకు ఎక్స్ యూనిట్ అని పేరు పెట్టెను. వేయి ఎక్స్ యూనిట్లు ఒక ఆంగ్‌స్ట్రామునకు సమానమని అందఱును తలచిరి. పిమ్మట గీతలు గీచిన పలకలతో తరంగదైర్ఘ్యమును నేరుగా కొలుచు పద్ధతి రాగా లెక్క పొసగలేదు. తుదకు 1947 లో, వేయి ఎక్స్ యూనిట్లు 1.00202 ఆంగ్‌స్ట్రాములకు సమానమని ఒడంబడిక కుదిరెను.

ఈ భేదము మిక్కిలి స్వల్పముగా కనబడవచ్చును. కాని పదివేలలో ఒక వంతువఱకు కొలువగల శాస్త్రమున నూటికి 0.2 వంతు దానికి ఇరువది రెట్లు గదా. అంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి కలదు. ఆ సంవత్సరమునకు పూర్వము అచ్చైన వ్యాసములలో అనేకము ఎక్స్ యూనిట్ల కొలతకే ఆంగ్‌స్ట్రామను పేరు పెట్టినవి. ఉప్పు మూలకోష్ఠమునకు పాత వ్యాసములో 5.628 అనియు, క్రొత్త వ్యాసములో 5.640 అనియు చూచిన విద్యార్థి ఏమనుకొనును? ఉప్పు పెరిగినదా? లేక కొలిచినవాడు తప్పెనా? రెండును కావు. అంకెలు రెండును సరియైనవే, మాటయొక్క అర్థము మాఱినది. ఏ అర్థముతో వ్రాసిరో ఆ వ్యాసములో చెప్పనియెడల నేటి చదువరి ఊహింపవలసినదే.

రెండవ నిదర్శనము మఱింత సూక్ష్మమైనది. స్ఫటికములో పరమాణువులు కదలక నిలిచియుండవు, వేడిమివలన తమ చోటనే కంపించుచుండును. ఆ కంపనము ఎంతయో తెలుపు సంఖ్యను శాస్త్రజ్ఞులు చిరకాలము ఉష్ణోగ్రతా గుణకమని వ్యవహరించిరి. కాని కొందఱు దానిని ‘బి’ యను అక్షరముతోను, కొందఱు ‘యు’ అను అక్షరముతోను గుర్తించిరి. రెండును కొలుచునది ఒకే కంపనము, రెండింటి కొలమానమును చదరపు ఆంగ్‌స్ట్రామే. అయినను ‘బి’ విలువ ‘యు’ విలువకు సుమారు 79 రెట్లు. ‘యు’ 0.05 అయినచోట ‘బి’ ఇంచుమించుగా 4 అగును. ఇచ్చట కొలమానమును వ్రాసినంతమాత్రమున సంశయము తీఱదు. ఆ పేరుతో ఏ రాశిని ఉద్దేశించితిమో నిర్వచనము చెప్పితీరవలెను. నిఘంటువు అవసరము ఇచ్చటనే స్పష్టముగా కానవచ్చును.

కంప్యూటరులు వచ్చిన తరువాత ఈ కష్టము తగ్గుటకు బదులు పెరిగెను. మనుష్యుడు చదువునప్పుడు సందర్భమును బట్టి లోపమును పూరించుకొనును, యంత్రమున కట్టి వివేకము లేదు. 1965 లో ఓల్గా కెన్నార్డ్ అను విదుషీమణి యాజమాన్యమున కేంబ్రిడ్జిలో కర్బనసంబంధమైన స్ఫటిక నిర్మాణములను ప్రోగుచేయు భాండాగారమొకటి వెలసెను. 1971 లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందు మాంసకృత్తుల నిర్మాణములకు ప్రోటీన్ డేటా బ్యాంకు అను భాండాగారము ఏడు నిర్మాణములతో ఆరంభమయ్యెను. ఆ కాలమున సమాచారమును తూట్లుపొడిచిన అట్టకార్డులమీద ఎక్కించెడివారు. ఒక్కొక్క కార్డునకు 80 గడులు. ఫలానా గడినుండి ఫలానా గడివఱకు పరమాణువు సంఖ్య, ఆ తరువాతి గడులలో దాని పేరు, పిమ్మట దాని స్థానము అని ఏర్పాటు. అంకెయొక్క అర్థము అది నిలిచిన చోటును బట్టియే తెలియవలెను. ఒక్క గడి ప్రక్కకు జరిగినచో అర్థము చెడును.

ఇంతేకాదు. ఆ ఏర్పాటులో పరమాణువు వరుససంఖ్యకు ఐదు గడులే కేటాయించిరి. ఐదు గడులలో వ్రాయదగిన పెద్ద సంఖ్య 99,999. జీవకణములో మాంసకృత్తులను తయారుచేయు రైబోసోము వంటి మహాణువులు పిమ్మట సాధింపబడగా, వాని నిర్మాణమును ఒక్క పత్రములో పట్టింపలేక ముక్కలుచేసి వేఱువేఱు పత్రములలో దాచవలసివచ్చెను. చిన్నవానికి కుట్టించిన చొక్కాయను పెద్దవానికి తొడిగినట్లయ్యెను. అటు పత్రికలవారు పట్టికలను అచ్చుకూర్చునప్పుడు, ఇటు భాండాగారములవారు అచ్చయినదానిని మరల ఎక్కించునప్పుడు తప్పులు దొరలుచుండెను. పైగా ఒక్కొక్క ప్రయోగశాల తన గణనక్రమమునకు తగినట్లు తన సొంతపద్ధతిలో అంకెలు వ్రాసికొనుచుండెను. ఒకరి పత్రము మఱియొకరి యంత్రమునకు అన్యభాషయే.

1947 లో స్థాపితమైన అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘము ఈ కష్టమును తొలగించుటకు పూనుకొనెను. 1987 లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున జరిగిన మహాసభయందు ఇందులకై ఒక కార్యవర్గము ఏర్పడెను. ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ హాల్, కేంబ్రిడ్జి భాండాగారపు ఫ్రాంక్ ఆలెన్, కెనడా దేశపు డేవిడ్ బ్రౌన్ అనువారలు కలిసి స్ఫటిక సమాచార పత్రమను పద్ధతిని రూపొందించిరి. దీనిని ఇంగ్లీషు పేరు మొదటి అక్షరములను బట్టి ‘సిఫ్’ అందురు. 1990 లో ఫ్రాన్సులోని బోర్డో నగరపు మహాసభలో సంఘము దీనిని అంగీకరించెను. 1991 లో దాని వివరములు సంఘపు పత్రికయగు ఆక్టా క్రిస్టల్లోగ్రాఫికాలో ప్రకటింపబడెను.

ఈ పత్రములోని మూలసూత్రము మిక్కిలి సరళము. ఏ అంకెయు పేరు లేక నిలువరాదు. మూలకోష్ఠపు మొదటి అంచు పొడవు చెప్పవలెనన్న ముందుగా ‘సెల్ లెంగ్త్ ఏ’ అను నియతమైన పేరు వ్రాసి, దాని ప్రక్కన సంఖ్యను వ్రాయవలెను. పేరునకు మొదట ఒక అడుగుగీత యుండును. అది యున్నచో పేరనియు, లేనిచో విలువయనియు యంత్రము గ్రహించును. ఏది ముందు వ్రాసినను ఏది వెనుక వ్రాసినను అర్థము మాఱదు, ఏలయన అర్థము చోటులో లేదు, పేరులో నున్నది. అనేక పరమాణువులను వరుసగా చెప్పవలసినచోట పేరులను ఒక్కమాఱు శీర్షికవలె వ్రాసి, క్రింద విలువల పట్టిక నిచ్చిన చాలును. ఇక విలువ తెలియనిచోట ప్రశ్నార్థకమును, ఆ విలువ అచ్చట వర్తింపనిచోట చుక్కను ఉంచవలెను. తెలియదనుటయు, లేదనుటయు వేఱువేఱని యంత్రమునకు సైతము నేర్పిన ఈ ఏర్పాటు మెచ్చదగినది. కొలతలోని అనిశ్చితిని కూడ దాచరాదు. 5.6402(2) అని వ్రాసినచో చివరి అంకెలో రెండు పాళ్ల వఱకు సందేహము కలదని అర్థము. ఈ పత్రమును యంత్రమే కాక, అక్షరజ్ఞానముగల మనుష్యుడును తెఱచి చదువుకొనవచ్చును.

పేరులు పెట్టినంతనే చాలదు, ఆ పేరులకు అర్థము చెప్పువారెవరు? నిఘంటువు ఆ పని చేయును. ఒక్కొక్క పేరు క్రింద దాని నిర్వచనము, అది సంఖ్యయా లేక మాటయా అను వివరము, ఏ కొలమానములో నుండవలెనో, ఏ మేరలు దాటరాదో, ఏ వర్గమునకు చెందినదో, ఏ ఇతర నామములతో సంబంధము గలదో క్రమముగా చెప్పబడియుండును. మూలకోష్ఠపు అంచు ఆంగ్‌స్ట్రాములలోనే యుండవలెను, సున్నకన్న తక్కువ కారాదు. కోణము డిగ్రీలలో నుండవలెను, 180 మించరాదు. ఉష్ణోగ్రత కెల్విను మానములో నుండవలెను. కంపనము చెప్పునపుడు ‘బి’ కి ఒక పేరు, ‘యు’ కి మఱియొక పేరు. ఒకదానిస్థానమున మఱియొకదానిని వ్రాసినచో తప్పు ఎవరిదో నిర్ణయించుటకు వివాదము అక్కఱలేదు.

ఈ నిఘంటువునందలి విశేషమేమనగా, అది కూడ తాను వివరించు పత్రము వ్రాయబడిన పద్ధతిలోనే వ్రాయబడియున్నది. పత్రమును చదువగల యంత్రము నిఘంటువును కూడ చదువగలదు. నిర్వచనము, కొలమానము, మేర అను మాటలకు అర్థమేమని యడిగినచో అందులకు వేఱొక చిన్న భాష కలదు. పాణినీయము చదివినవారికి ఇది సుబోధము. శబ్దములను సాధించు సూత్రములకు తోడు, ఆ సూత్రములను ఎట్లు అన్వయించవలెనో చెప్పు పరిభాషాసూత్రములు వ్యాకరణమున ఉన్నవిగదా. ఇదియు అట్టిదే. కాలక్రమమున ఈ పరిభాష మూడు రూపములు దాల్చెను. 2012 లో వెలువడిన మూడవ రూపమున నిర్వచనముతోపాటు గణితవిధానమును కూడ యంత్రమునకు తెలియురీతిని వ్రాయుటకు వీలు కలిగెను. ఒక విలువ ఇతర విలువలనుండి ఎట్లు వచ్చునో నిఘంటువే చెప్పును.

దీని ప్రయోజనమును ఉప్పుతోనే పరీక్షింపవచ్చును. పై తరగతుల విద్యార్థులు పలకయు బలపమును తీసికొని మాతోకూడ లెక్కవేయుదురుగాక. మూలకోష్ఠపు అంచు 5.640 ఆంగ్‌స్ట్రాములు. దానిని ఘనము చేసిన 179.4 ఘన ఆంగ్‌స్ట్రాములు వచ్చును. అందులో నాలుగు సోడియములును నాలుగు క్లోరినులును ఉన్నవి. ఒక జత యొక్క భారము 58.44, నాలుగు జతలకు 233.76. దీనిని అవొగాడ్రో సంఖ్యచే భాగించి, వచ్చినదానిని ఘనపరిమాణముచే మరల భాగించిన ఘన సెంటిమీటరునకు 2.16 గ్రాములు వచ్చును. త్రాసుతో తూచి కొలిచిన ఉప్పు సాంద్రతయు ఇదియే. పత్రములో సాంద్రత 2.61 అని పొరపాటున పడినయెడల, నిఘంటువు చెప్పిన విధానముచొప్పున యంత్రము తానే లెక్కవేసి, ఈ అంకెలు ఒకదానితో నొకటి పొసగుటలేదని హెచ్చరింపగలదు.

నిఘంటువునకు పదములను చేర్చుట ఏ ఒక్కరి ఇష్టము కాదు. 1993 నుండి ఇందులకై సంఘమువారు ఒక స్థాయిసభను నియమించిరి. క్రొత్త పేరు కావలెననువారు ప్రతిపాదన చేయుదురు. ఆ శాఖయందు ఆరితేరినవారు దానిని చర్చింతురు, వాడిచూతురు, లోపములు దిద్దుదురు. పిమ్మట సభవారు ఆమోదింతురు. అందఱకును కావలసిన పేరులు మూలనిఘంటువున నుండును. పొడిరూప పదార్థములకు, జీవసంబంధమైన మహాణువులకు, ఫొటోచిత్రములకు, అయస్కాంత నిర్మాణములకు వేఱువేఱు నిఘంటువులు కలవు. మహాణువుల నిఘంటువు మూలనిఘంటువునకు చిన్న అనుబంధమగునని 1990 ప్రాంతమున ఆరంభించిరి. తీరా పని చేయగా ఏడేండ్లు పట్టెను. 1997 లో ఆమోదము పొందునాటికి అందలి నిర్వచనములు వేయిని మించెను. పదమునకు అర్థము చెప్పుట సులభమని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. ఎవరైనను సొంత అవసరమునకు సొంత పేరులు కల్పించుకొనవచ్చును. కాని ఇతరుల పేరులతో కలియకుండ వారికి ప్రత్యేకమైన ఉపసర్గ యొకటి నమోదుచేసి యుంచుదురు. ఇంటిపేరు వలన ఇద్దఱు రామయ్యలను మనము వేఱుగా గుర్తించినట్లే ఇదియు.

ఒక నియమమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఒకమాఱు ఆమోదించిన పేరునకు తరువాత అర్థము మార్చరు. అది చాలదని తోచినచో క్రొత్త పేరును కల్పించి, పాతది ఇకమీదట వాడవద్దని గుర్తుపెట్టుదురే కాని, దానిని తుడిచివేయరు. ఏలయన ఆ పేరుతో వ్రాసిన పాతపత్రములు భాండాగారములలో నిలిచియుండును. అవి ఎప్పటికిని చదువబడవలెను. ఆంగ్‌స్ట్రామను మాట అర్థము మాఱుటచే కలిగిన అవస్థ మరల రాకుండుటకు ఇదియే మందు.

ఇంత ప్రయాసకు ఫలమేమని తలిదండ్రులు అడుగవచ్చును. మొదటిఫలము విశ్వాసము. నేడు స్ఫటికవ్యాసమును పత్రికకు పంపువారు దానితో పాటు సిఫ్ పత్రమును కూడ పంపుదురు. యంత్రము దానిని పరీక్షించి, లోపముల గురుత్వమును బట్టి తరగతులుగా హెచ్చరికలు చేయును. 2010 లో ఒక విచారకరమైన సంగతి బయటపడెను. ఎవరో న్యాయముగా కొలిచిన అంకెలను తీసికొని, ఒకటి రెండు పరమాణువుల పేరులు మార్చి, క్రొత్త పదార్థములను కనుగొంటిమని కొందఱు వ్యాసములు ప్రకటించిరి. సంఘపు పత్రికవారు కనీసము 70 నిర్మాణములు కల్పితములని తేల్చి, ఆ వ్యాసములను ఉపసంహరింపజేసిరి. కొలతలన్నియు ఒకే భాషలో నిలువయుండుటచేతనే ఒకదానితో నొకటి పోల్చి, దొంగసరకును పట్టుటకు సాధ్యమయ్యెను. అయితే ఆ వ్యాసములు మొదట పరీక్షలను దాటియే అచ్చైనవని మఱువరాదు. నిఘంటువు మాటకు అర్థము చెప్పును గాని, మాట చెప్పువానికి సత్యసంధతను ఈయజాలదు.

రెండవఫలము సంపద నిలుచుట. కేంబ్రిడ్జి భాండాగారమున నిర్మాణముల సంఖ్య 2019 లో పదిలక్షలకు చేరెను. ఏడింటితో మొదలిడిన మాంసకృత్తుల భాండాగారము 2023 లో రెండులక్షలను దాటెను. అట్టకార్డులనాటి పద్ధతిని మాని, 2014 నుండి మహాణువుల నిఘంటువు ననుసరించిన పత్రమునే అచ్చట ప్రధానరూపముగా గైకొనిరి. ముక్కలుచేసిన మహాణువులు ఒక్కచోట చేరెను. 2020 లో కరోనా వ్యాధి ప్రబలుచున్నకాలమున ఆ క్రిమియొక్క ఒక ముఖ్యమైన మాంసకృత్తు నిర్మాణము ఫిబ్రవరి 5 వ తేదీననే అందఱకును అందుబాటులోనికి వచ్చెను. ఏ దేశమువారైనను తెఱచి చదువుకొని, ఔషధాన్వేషణకు పూనుకొనగలిగిరి. మాంసకృత్తుల ఆకారమును ముందుగానే ఊహింపగల ఆల్ఫాఫోల్డ్ అను యంత్రవిద్యయు వెలసెను. అందులకై 2024 లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానములో భాగము లభించెను. ఆ యంత్రము పాఠములు నేర్చినది ఈ భాండాగారములోని పత్రములనుండియే. ఏబదియేండ్ల పర్యంతము వేలమంది కొలిచి దాచిన అంకెలకు సరియైన పేరులు లేకున్న ఆ గురుకులము నడచియుండెడిది కాదు.

ఈ విషయములో మన ప్రాంతమునకును కొంత సంబంధము కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున చిరకాలము ఆచార్యులుగా నుండిన గౌతమ్ దేశిరాజుగారు 2011 నుండి 2014 వఱకు అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. 2017 ఆగస్టు నెలలో ఆ సంఘపు 24 వ మహాసభ హైదరాబాదు నగరముననే జరిగెను. 2016 లో ప్రకటించిన సిఫ్ రెండవరూపము సకలభాషల లిపులకును చోటిచ్చినది. మొదట ఇంగ్లీషు అక్షరములకే పరిమితమైయుండిన పత్రములో నేడు తెలుగు అక్షరములతో కూడ వివరణ వ్రాయుటకు ఆటంకము లేదు.

విద్యార్థులారా! మీరందఱును స్ఫటికశాస్త్రజ్ఞులు కాకపోవచ్చును. కాని ప్రయోగశాలలో మీరు వ్రాయు రికార్డు పుస్తకమునకును ఈ నియమములే వర్తించును. ‘5.2’ అని వ్రాసి ఊరకుండకుడు. దేని పొడవు, ఏ కొలమానము, ఎంతవఱకు నమ్మదగినది, ఏ దినమున ఎట్లు కొలిచితిరి అని ప్రక్కనే వ్రాయుడు. తెలియనిచోట తెలియదనియే వ్రాయుడు, సరిపోవునట్లు అంకెలు కల్పింపకుడు. మీరు పెట్టిన గుర్తులకు అర్థము మొదటి పుటయందే చెప్పుడు, నడుమ మార్చకుడు. నేడు మీ జ్ఞాపకములో స్పష్టముగా నున్నది మఱుసటి యేటికి మీకే తెలియకపోవచ్చును, మీ తరువాత ఆ బల్లవద్దకు వచ్చు విద్యార్థికి అసలే తెలియదు. తలిదండ్రులు సైతము ఇంటి జమాఖర్చుల పద్దునందును, పొలపు కొలతలయందును, మందుల మోతాదులయందును ఈ అలవాటును పిల్లలకు చూపినచో మేలు కలుగును. కొలిచినదానికి పేరు పెట్టి, ఆ పేరునకు కట్టుబడియుండుట వినుటకు చిన్నపనియే. అయినను ఎవరో ఎన్నడో కొలిచిన అంకె, వారినెఱుగని మఱియొకరి చేతిలో మరల పనికివచ్చుట ఆ చిన్నపనివలననే జరుగుచున్నది.